ఆట కెమేరాకు గది ఎంత, వెలుగు ఎంత?

విజయనగరం జిల్లా భోగాపురములో ఒక గృహస్థు పిల్లల ముచ్చట తీర్చుటకై, కదలికలను కనిపెట్టు వీడియో ఆట కెమేరా నొకదానిని కొని తెచ్చినాడనుకొందము. ఆదివారము ఉదయము ఏడు గంటలకు దానిని టెలివిజన్ ప్రక్కన అమర్చినారు. పిల్లవాడు ఎదుట నిలిచి చేతులు ఊపినాడు. తెరమీది బొమ్మ కూడ అట్లే ఊపవలెను. కాని ఆ బొమ్మకు ఒకసారి మోకాళ్లు లేవు. ఒకసారి చేయి విరిగినట్లు వ్రేలాడినది. మరొకసారి బొమ్మయే మాయమైనది. యంత్రము చెడినదని ఇంటివారు నిశ్చయించినారు. ఆ రాత్రి దానినే పెదనాన్నగారింటి పెద్ద సావిడిలో పెట్టి చూడగా చక్కగా పనిచేసినది. చెడినది యంత్రము కాదు, కుదరనిది గది.

గడియారమును ఏ గదిలో పెట్టినను కాలమును చూపును. రేడియో ఏ మూల నున్నను పాడును. ఈ కెమేరాలు అట్టివి కావు. గది పొడవు, వెడల్పు, ఎత్తు, కిటికీల దిక్కు, దీపముల జాతి, ఇవి యన్నియు వాటికి యంత్రభాగములవంటివే. ఏల అట్లుండునో తెలిసినచో, డబ్బు చెల్లింపక ముందే, ఇంటనున్న దారపుండతో కొలిచి, అది తన ఇంట పనిచేయునో లేదో ఎవరికి వారే చెప్పుకొనవచ్చును.

మూడు తరముల కన్నులు

2003లో సోనీ కంపెనీ తన ప్లేస్టేషన్ 2 అను ఆటయంత్రమునకు ఐటాయ్ అను చిన్న కెమేరాను చేర్చినది. అది సాధారణమైన కెమేరాయే. ఆడువాని బొమ్మను తెరపై చూపుచు, ఒక క్షణమునకును మరు క్షణమునకును బొమ్మలో ఏ భాగము మారినదో చూచి, అక్కడ కదలిక జరిగినదని గ్రహించును. దానికి గదిలో మంచి వెలుగు ఉండవలెను. వెలుగు చాలనప్పుడు హెచ్చరించుటకు దాని ముఖముననే ఒక ఎర్రదీపము మినుకుమినుకుమనునట్లు అమర్చినారు.

2006లో నింటెండో కంపెనీ వీ అను ఆటయంత్రమును తెచ్చినది. ఇందు కెమేరా టెలివిజన్ వద్ద లేదు. ఆడువాని చేతి కడ్డీలోనే ఉన్నది. టెలివిజన్ దగ్గర పెట్టు పట్టెలో ఉన్నవి కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చు దీపములు మాత్రమే. చేతి కడ్డీలోని కెమేరా ఆ వెలుగుచుక్కలను చూచి, తాను ఎటు తిరిగియున్నదో లెక్కవేసికొనును. ఆ పట్టెకు బదులుగ రెండు కొవ్వొత్తులను వెలిగించి పెట్టినను ఈ ఆట సాగును. ఏలయన కొవ్వొత్తి మంటలోను పరారుణ కాంతి పుష్కలముగ ఉన్నది. కనుకనే దీపావళినాడు టెలివిజన్ చెంత ప్రమిదలు వరుసగ పెట్టినచో ఆ కడ్డీకి ఏవి తన దీపములో, ఏవి పండుగ దీపములో తెలియక తికమకపడును.

2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎక్స్‌బాక్స్ 360 కొరకు కినెక్ట్ అను యంత్రమును విడుదల చేసినది. ఇందు చేతిలో ఏమియు పట్టుకొన నక్కరలేదు. ఆడువాని దేహమే మీట. మొదటి 60 దినములలో 80 లక్షల యంత్రములు అమ్ముడైనవి. 2013లో దీని రెండవ తరము వచ్చినది. 2017లో ఈ ఆట కెమేరాల తయారీ నిలిచిపోయినది. అయినను పాతవి చేతులు మారుచునే ఉన్నవి. వాటిలో పొందుపరచిన సూత్రములు నేటి యంత్రములలో బ్రదికియున్నవి. గదికిని కెమేరాకును గల సంబంధమును తెలిసికొనుటకు దీనికి మించిన ఉదాహరణము లేదు.

కెమేరా దూరమును కొలుచు విధము

ఒక వ్రేలిని ముక్కునకు ఎదురుగ పట్టి, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడుడు. వ్రేలు వెనుక గోడపై ఇటునటు గంతు వేసినట్లు కనబడును. వ్రేలిని చేయి చాపినంత దూరమునకు తీసికొనిపోయినచో గంతు చిన్నదగును. గంతు ఎంతయో తెలిసిన యెడల దూరము ఎంతయో లెక్కకట్టవచ్చును. మొదటి కినెక్టులో రెండు కన్నులకు బదులు ఒక కన్ను, ఒక దీపము ఉన్నవి. ఆ దీపము వేలకొలది పరారుణపు చుక్కలను గదియంతట చల్లును. దానికి సుమారు ఏడున్నర సెంటీమీటర్ల దూరముననున్న కెమేరా ఆ చుక్కలను చూచును. చుక్క పడిన వస్తువు దగ్గరనున్నచో చుక్క ఎక్కువగ జరిగినట్లు, దూరముననున్నచో తక్కువగ జరిగినట్లు కనబడును. ఈ జరుగుబాటు నుండి గదిలోని ప్రతి స్థానమునకును దూరము లెక్కకు వచ్చును. పొలము గట్టున నిలిచి త్రిభుజముతో దూరమును కొలుచు సర్వేవారి పద్ధతియే ఇది.

ఈ పద్ధతికి ఒక లోపము కలదు. దూరము పెరిగినకొలది చుక్కల జరుగుబాటు చిన్నదగును. దూరము రెట్టింపైనచో కొలతలోని తప్పు నాలుగు రెట్లగును. కనుకనే సుమారు పదకొండున్నర అడుగులు, అనగా 3.5 మీటర్లు దాటిన పిదప అది ఆటకు పనికిరాదు. నాలుగడుగులకంటె దగ్గరకు వచ్చినను పనికిరాదు. మనిషి అంతయు చూపునకు అందడు.

రెండవ తరపు కినెక్టు వేరొక దారి త్రొక్కినది. నూతిలోనికి కేకవేసి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చినదో చూచి లోతును తెలిసికొనవచ్చును గదా! అట్లే ఇది పరారుణ కాంతిని పంపి, అది మనిషిని తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును గ్రహించును. కాంతి ఒక నానోసెకనులో, అనగా సెకనులో నూరుకోట్లవ వంతులో, సుమారు ఒక అడుగు పోవును. ఆరడుగుల దూరమున నిలిచిన మనిషిని తాకి కాంతి తిరిగి వచ్చుటకు పండ్రెండు నానోసెకనులు చాలును. అంత స్వల్పకాలమును సూటిగ కొలువక, పంపిన కాంతి హెచ్చుతగ్గుల తరంగమునకును తిరిగి వచ్చిన తరంగమునకును గల వెనుకబాటును చూచి లెక్కకట్టును.

దూరముల పటము సిద్ధమైన పిదప, ఇది తల, ఇది భుజము, ఇది మోచేయి అని యంత్రము ఊహించును. మొదటి తరములో 20 కీళ్లను, రెండవ తరములో 25 కీళ్లను అది గుర్తించును. ఈ ఊహ సరిగ సాగవలెనన్న దేహమంతయు, పాదములు ఆనిన నేలయు, కెమేరాకు కనబడవలెను.

పది అడుగుల గదిలో లెక్క

ప్రతి కెమేరాకును చూపుకోణము అని యుండును. కన్ను కదలింపక ఎంత మేర చూడగలమో అదియే కోణము. మొదటి కినెక్టునకు అడ్డముగ 57 డిగ్రీలు, నిలువుగ 43 డిగ్రీలు. రెండవదానికి అడ్డముగ 70, నిలువుగ 60. ఈ అంకెలలోనే గది సమస్య యంతయు ఇమిడియున్నది.

మొదటి కెమేరా నుండి ప్రతి అడుగు దూరమునకును దాని చూపు వెడల్పు సుమారు 1.1 అడుగు, ఎత్తు సుమారు 0.8 అడుగు చొప్పున పెరుగును. రెండవదానికి వెడల్పు 1.4 అడుగు, ఎత్తు 1.15 అడుగు చొప్పున పెరుగును. ఈ నాలుగు అంకెలను జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఇప్పుడు పది అడుగుల గదిని తీసికొందము. టెలివిజన్ బల్ల ఒకటిన్నర అడుగు తినివేయును. ఆడువాని వెనుక చేయి ఊపుకొనుటకు, గోడకు తగులకుండుటకు మరొక ఒకటిన్నర అడుగు వదలవలెను. మిగిలినది ఏడడుగులు. ఏడడుగుల వద్ద మొదటి కెమేరా చూపు ఎత్తు ఐదున్నర అడుగులు మాత్రమే. నాలుగడుగుల పిల్లవాడు చేతులెత్తినను ఐదడుగులే గనుక అందులో ఇముడును. ఐదున్నర అడుగుల తండ్రి కదలక నిలిచినంతసేపు ఇముడును. చేతులు పైకెత్తగానే ఏడడుగులగును గనుక చేతులు చూపునకు అందవు. తండ్రికి దాదాపు తొమ్మిదడుగుల దూరము కావలెను. పిల్లవానికి చాలిన గది తండ్రికి చాలకపోవుట ఇందుచేతనే. అదే గదిలో రెండవ తరపు కెమేరా ఏడడుగుల వద్ద ఎనిమిదడుగుల ఎత్తును చూడగలదు గనుక తండ్రికిని ఇబ్బంది లేదు.

ఇద్దరు ఆడదలచినచో వెడల్పును చూడవలెను. మనిషి రెండు చేతులు బారచాపినచో ఆ బార సుమారు అతని ఎత్తుతో సమానము. ఐదున్నర అడుగులవారు ఇద్దరు ప్రక్కప్రక్కన బారచాపుటకు పదకొండడుగులు కావలెను. దానికి మొదటి కెమేరా నుండి పదడుగులు, రెండవదాని నుండి ఎనిమిదడుగులు దూరముండవలెను. చేతులు అంతగా చాపని ఆటలకు తయారీదారులు మొదటి కెమేరా విషయమున ఒకరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిదడుగులు చాలునని సూచించిరి. అది కనీసపు కొలత యనియే గ్రహింపవలెను.

మొదటి కినెక్టులో తల పైకి క్రిందికి వంచు చిన్న మోటారు ఉన్నది. దానివలన చూపు దిక్కు మారునే కాని కోణము పెరుగదు. కిటికీలోనుండి తల వంచి చూచినంతమాత్రమున కిటికీ పెద్దది కాదు గదా! కెమేరాను నేలనుండి రెండడుగులకు తక్కువ కాకుండ, ఆరడుగులకు మించకుండ పెట్టవలెను.

ఒకరి వెనుక మరొకరు నిలుచుటయు తగదు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడువారు వలయముగ తిరుగుచు, ఒకరి వెనుకకు ఒకరు పోవుచుందురు. చూచు జనులకు అందులోనే అందమున్నది. కెమేరాకు మాత్రము ముందరివాని దేహము వెనుకవానిని కప్పివేయును. కప్పబడిన దానిని అది కొలువలేదు. పైగా మొదటి కినెక్టు ఇద్దరి కీళ్లను, రెండవది ఆరుగురి కీళ్లను మాత్రమే పూర్తిగ గుర్తింపగలదు.

శత్రువు చీకటి కాదు, సూర్యుడు

సాధారణ కెమేరాకు చీకటి శత్రువు. కినెక్టు వంటి లోతుకొలుచు కెమేరాకు తన దీపము తనకున్నది గనుక చీకటిగదిలోను దూరమును కొలువగలదు. దానికి శత్రువు ఎండ. సూర్యుడు పంపు శక్తిలో సుమారు సగము కంటికి కనబడని పరారుణ భాగముననే యున్నది. కినెక్టు దీపము వాడునది కూడ ఆ భాగమే. మొదటిదాని కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 830 నానోమీటర్లు. నడియెండలో కాంతితీవ్రత లక్ష లక్సుల వరకు ఉండగా, ట్యూబులైటు వెలిగించిన గదిలో కొన్ని వందల లక్సులే. ఎండ పడిన చొక్కాపై కినెక్టు చుక్కలను వెదకుట పట్టపగలు మిణుగురును వెదకుటవంటిది.

ఈ సందర్భమున భోగాపురపు ఉనికిని గమనింపవలెను. ఊరికి తూర్పున సముద్రము. సూర్యోదయమునకు అడ్డముగ కొండలు లేవు. సూర్యుడుదయించిన గంటకు సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉండును. అప్పుడు తూర్పు కిటికీ పైకమ్మి నేలనుండి ఆరడుగుల ఎత్తుననున్నచో, ఎండ గదిలోనికి 22 అడుగుల వరకు చొచ్చుకొనిరాగలదు. పదడుగుల గదిలో అది ఎదురుగోడ నెక్కును. మన గృహస్థు ఆదివారము ఉదయము ఏడు గంటలకు చూచిన వింతకు కారణమిదియే. సాయంకాలము పడమటి కిటికీవలనను ఇట్లే జరుగును.

ఈ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరముగ సుమారు 18 డిగ్రీల వద్ద ఉన్నది. మే నెల నడుమను, ఆగస్టు మొదటను మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వచ్చును. అప్పుడు వసారా చూరు అడ్డముగ నుండి ఎండను లోనికి రానీయదు. డిసెంబరులో మధ్యాహ్నసూర్యుడు దక్షిణమున సుమారు 48 డిగ్రీల ఎత్తుననే ఉండును. చూరు లేని దక్షిణపు కిటికీ పైకమ్మి ఆరున్నర అడుగులైనచో అప్పుడు ఎండ దాదాపు ఆరడుగులు లోనికి వచ్చును. అనగా వేసవిలో కుదిరిన చోటు చలికాలమున కుదరకపోవచ్చును.

కనుక టెలివిజన్‌ను, కెమేరాను దక్షిణపు గోడకు చేర్చి ఉత్తరముగ చూచునట్లు పెట్టుట మేలు. తూర్పు పడమరల కిటికీలు ప్రక్కలకు వచ్చును, వాటిని మూసికొనవచ్చును. మూయుటలోను ఒక కిటుకున్నది. అద్దపు తలుపు మూసిన లాభము లేదు. ఈ పరారుణ కిరణములు మామూలు అద్దములోనుండి సులువుగ దూరివచ్చును. పలుచని తెరయు అంతే. పాత పెంకుటిండ్ల చెక్క తలుపులు ఈ విషయమున కొత్త మేడల అద్దపు కిటికీలకంటె మేలైనవి. వాటికి తర్వాత మందపు దుప్పటి.

దీపములలోను భేదమున్నది. తీగ కాలి వెలుగు పాత బల్బు తన శక్తిలో అధికభాగమును పరారుణ రూపముననే వెదజల్లును. హాలోజెన్ దీపము కూడ అట్టిదే. వీటిని కెమేరా చూపులో ఉంచరాదు. ఎల్.ఇ.డి. దీపములు, ట్యూబులైట్లు ఆ భాగమున మిక్కిలి తక్కువ కాంతినిచ్చును గనుక హాని లేదు.

నిలువుటద్దము, బీరువా అద్దము, తళతళలాడు ఇత్తడి బిందెలు, మెరుగు పలకల నేల, ఇవి చుక్కలను వేరొక దిక్కునకు త్రిప్పివేయును. అక్కడ యంత్రమునకు గుంత యున్నట్లు తోచును. వాటిపై గుడ్డ కప్పిన చాలును. ఆడువారి దుస్తులును ముఖ్యమే. చీర, పరికిణీ, వదులు పంచె మోకాళ్లను దాచును. దాచినదానిని యంత్రము ఊహించుటయే కాని చూడలేదు. చీరకుచ్చిళ్లు ఎగదోపుకొనిన, పంచె బిగించి కట్టుకొనిన ఈ చిక్కు తగ్గును.

నేటి కెమేరాల కోరిక వేరు

నేడు చేతిఫోను కెమేరాతోను, తలకు తగిలించుకొను కళ్లజోడు వంటి ఆటయంత్రములతోను ఇట్టి ఆటలు సాగుచున్నవి. వీటిలో చాలవరకు కనబడు కాంతినే నమ్ముకొన్నవి. కావున చీకటి పనికిరాదు. ఫోను కెమేరాకు ఆడువాని వెనుక కిటికీ తెరిచియుండరాదు. తోలుబొమ్మలాటలో తెరవెనుక దీపము బొమ్మను నీడగ మార్చినట్లు, మనిషి నల్లని నీడ యగును. వెలుగు కెమేరా వైపునుండి మనిషిపై పడవలెను. తలకు తగిలించుకొను యంత్రమునకు సుమారు ఆరున్నర అడుగుల చదరపు ఖాళీ స్థలము కావలెనందురు. అది తన కెమేరాలతో గోడలపైని గురుతులను పోల్చుకొనుచు తాను ఎచ్చటనున్నదో తెలిసికొనును. తెల్లగ సున్నము వేసిన వట్టిగోడ దానికి దారి తెలియని మైదానమువంటిది. ఒక క్యాలెండరో, నాలుగు పటములో వ్రేలాడదీసిన మేలు. ఆ యంత్రమును ఎండలో విడిచిపెట్టినచో దాని కటకములు ఎండను కేంద్రీకరించి లోపలి తెరను కాల్చివేయును.

కొనకముందు చేయవలసిన పరీక్ష

కెమేరా పెట్టదలచిన చోట దారపు ఒక కొసను కట్టి, ఆడువాడు నిలువగల చోటువరకు లాగి కొలువుడు. ఆ దూరమును పైన చెప్పిన అంకెలతో హెచ్చవేయుడు. వచ్చిన వెడల్పును నేలపై సుద్దతో గీయుడు. ఎత్తును గోడపై గురుతు పెట్టుడు. ఇంటిలోని పెద్దవారు చేతులెత్తి అందులో ఇమిడిరో లేదో చూడుడు. పిమ్మట ఉదయము ఏడు, మధ్యాహ్నము పండ్రెండు, సాయంకాలము ఐదు గంటలకు ఆ గీతలలో ఎండ ఎక్కడ పడుచున్నదో గురుతు పెట్టుడు. ఎండ పడని వేళయే ఆటవేళ.

కంటికి కనబడని కాంతిని చూపించు చిన్న ప్రయోగమును పిల్లలు చేయవచ్చును. చీకటిగదిలో టెలివిజన్ రిమోటు కొసను ఫోను ముందు కెమేరాకు చూపి మీట నొక్కవలెను. చాల ఫోనులలో ఆ కొసన తెల్లని లేక ఊదారంగు వెలుగు కనబడును. దానినే ఎండపట్టున పట్టి చూచినచో వెలుగు వెలవెలబోవును. కినెక్టు పడు పాటు ఇదియే.

తలపైకి చూచుట మరువరాదు. తొమ్మిదిన్నర అడుగుల గదిలో పంకా రెక్కలు సుమారు ఎనిమిదడుగుల ఎత్తున తిరుగుచుండును. చేతులెత్తిన పెద్దవాడు ఏడడుగులు. ఒక అడుగు గంతు వేసిన రెక్కలు తగులును. అట్టి గదిలో గంతుల ఆట ఆడునప్పుడు పంకాను ఆపవలెను. మంచపుకోళ్లు, గూటి అంచులు కూడ గీతల లోపల ఉండరాదు.

ఈ జాగ్రత్తలు ఆటకొరకే కాదు. ఇట్టి కెమేరాలను మోకాలి నొప్పిగలవారి వ్యాయామమును పరిశీలించుటకును పరిశోధకులు వాడి చూచిరి. ఆటలో మోకాలు తప్పుగ కనబడినచో ఇంటిల్లిపాది నవ్వుకొందురు. వ్యాయామములో అదే తప్పు జరిగినచో, వంగని మోకాలు వంగినదని యంత్రము చెప్పును. రోగి దానిని నమ్మును. ఇరుకు గది, ఎదురెండ అప్పుడు నవ్వులాట కాదు.

భోగాపురపు గృహస్థు చేయవలసినది స్వల్పమే. టెలివిజన్‌ను తూర్పుగది నుండి ముందరి సావిడికి మార్చి, దక్షిణపు గోడకు చేర్చి, తూర్పు చెక్కతలుపు మూసి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఆట మొదలుపెట్టిన చాలును. ఆ యంత్రమే, ఆ పిల్లవాడే. బొమ్మకు మోకాళ్లు తిరిగి వచ్చును.